బొటనవేలి తీర్పు

పార్తినాకు ఒళ్ళు మండిపోతోంది. ఉడుము మీద కాదు. అది నోరులేని జీవం, తనకున్న గోళ్ళతో తను చెప్పగలిగినంతా చెబుతోంది. మంటంతా చెవులుండీ వినని మనుషుల మీద.

ముందువాకిట్లో గోడ మూలన ఆ ఉడుము ముందుకాళ్ళతో బరబరా గీకుతుంది. ఆగి, నాలుక చాపి, నేలని వాసన చూస్తుంది. పొట్ట ఈడ్చుకుంటూ ఇంకో మూలకి పోయి మళ్ళీ గీకుతుంది. కొన్నాళ్ళుగా ఇదే పని. గోళ్ళు అరిగిపోయి తెల్లటి టైల్స్ మీద నెత్తురు చారలు పడ్డాయి. పార్తినా మొగుడు సర్జో పనినుంచి వచ్చి ఆ చారలు చూశాడు, తడిగుడ్డ తెచ్చి తుడిచాడు. టైల్స్ తుడిచాడు. ఉడుము కాళ్ళు మాత్రం చూడలేదు.

సర్జో టైల్స్ మేస్త్రి. సోలో పట్టణంలో ఎన్ని ఇళ్ళకి పని చేశాడో లెక్కలేదు గానీ, నదివార పేటలో ఉన్న తన ఇంటికి మాత్రం ఏళ్ళ తరబడి మట్టి వాకిలే. మొన్న ఉపవాసాలు ముగిసిన లెబరాన్ పండక్కి చుట్టాలొస్తారని పంతంపట్టి, గోడనుంచి గోడదాకా పిడికెడు మట్టి కనపడకుండా పరిచేశాడు. వచ్చినవాళ్ళందరూ మెచ్చుకున్నారు. ఆ వాకిట్లో పొద్దస్తమానం తిరిగే ఉడుముని మాత్రం ఎవరూ అడగలేదు.

ఉడుము పేరు లనాంగ్. లనాంగ్ అంటే మగాడు. ఇంతకన్నా సూటి పేరు ఇంకోటుండదు. వరదల్లో కొట్టుకొచ్చి కాలవగట్టున వణుకుతున్న ఉడుముపిల్లని పార్తినాయే తెచ్చి, నత్తలూ కోడి తలకాయలూ పెట్టి, ఇప్పుడు మనిషి నిలువంత చేసింది. పెంచింది ఆమె. పేరు పెట్టింది మాత్రం పాక్ కర్సోనో బొటనవేలు.

ఆ బొటనవేలి సంగతి చెప్పాలి. ఉడుముల్లో ఆడా మగా తేల్చడం మహా కష్టం. పుంజుకి తురాయి ఉంది, సింహానికి జూలు ఉంది, ఉడుముకి పైకి ఏమీ లేదు. తల పెద్దదైతే మగదంటారు, తోక మొదలు లావైతే మగదంటారు, పోట్లాడితే మగదంటారు. అవన్నీ ఉన్న ఆడవాళ్ళు లోకంలో బోలెడుమంది. అందుకని ఆదివారం పొద్దున మైదానంలో కలిసే ఉడుముల సంఘం వాళ్ళందరూ పెద్దాయన కర్సోనో ముందు వరస కడతారు. ఆయన ఉడుముని వెల్లకిలా పడుకోబెట్టి, తోక మొదట్లో బొటనవేలితో నొక్కుతాడు. లోపల్నించి ఏదైనా బయటికొస్తే మగ, రాకపోతే ఆడ. బొటనవేలిని అక్కడ జెంపోల్ అంటారు, భేషైనదాన్నీ జెంపోల్ అనే అంటారు. అందుకని ఆయన్ని అందరూ పాక్ జెంపోల్, అంటే బొటనవేలి అయ్యగారు, అనే పిలుస్తారు, ఆయనా ఆ పిలుపుకే పలుకుతాడు.

లనాంగ్ చిన్నప్పుడు ఆయన నొక్కగానే రెండు గులాబీ మొగ్గలు ఇలా తొంగిచూసి అలా లోపలికి పోయాయి. "లనాంగ్!" అన్నాడాయన. చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. సర్జో ఛాతీ ఉబ్బింది. పార్తినా మాత్రం, పక్కవాడి ఉడుముకి బయటికొచ్చినదాన్ని చూసింది, తమదాన్నీ చూసింది, "అదేంటి పాక్, దానిది అంత పొడుగుంది, మా దానిది మొటిమంత ఉంది?" అని అడిగేసింది. మైదానమంతా గొల్లుమంది. "చలికి ముడుచుకుందమ్మా," అన్నాడాయన. ఆడ ఉడుముని గట్టిగా నొక్కినా అలాంటి చిన్న మొగ్గలు బయటికొస్తాయని ఆ బొటనవేలికి ఎవరూ చెప్పలేదు. చెప్పినా వినేది కాదు.

ఇప్పుడు లనాంగ్ తిండి మానేసింది. నడుం ఎండిపోయి, పొట్ట మాత్రం రెండు పక్కలా గుండ్రాళ్ళు కుక్కిన సంచిలా ఉంది. పార్తినా అరచెయ్యి వేసి చూస్తే లోపల ఒకదాని పక్కన ఒకటి కదిలాయి. గుడ్లు. మట్టి కోసం వెతుకుతోందిది. మెత్తటి చోటు దొరక్కపోతే గుడ్లు పెట్టదు, పెట్టకపోతే లోపలే కుళ్ళి చస్తుంది. పోయినేడు సంఘంలోనే ఉన్న వార్నో వాళ్ళ మగ ఉడుము ఇలాగే మూలలు గీకి గీకి, పొట్ట ఉబ్బి చచ్చిపోయింది. మలబద్ధకం అన్నాడు పాక్ జెంపోల్. వార్నో దాన్ని కొడుకుని పాతినట్టు పాతి, వారం రోజులు అన్నం ముట్టలేదు. ఆ పొట్టలో ఏముందో ఎవరూ కోసి చూడలేదు.

నాలుగు టైల్స్ తియ్యమన్న ఆమె పోరు పడలేక సర్జో పాక్ జెంపోల్‌ని ఇంటికి పిలిచాడు. ఆయన వచ్చి, తీపి టీ తాగి, వేయించిన సోయా టెంపే ముక్కల పళ్ళెం ఖాళీ చేసి, తీరిగ్గా ఉడుముని తిప్పి నొక్కాడు. అది బాధకి మెలికలు తిరిగింది. మళ్ళీ అవే రెండు మొగ్గలు.

"చూశావుగా? కళ్ళముందే ఉంది. మగదే," అన్నాడు చెయ్యి కడుక్కుంటూ. "బొప్పాయి పెట్టు, కాస్త ఆముదం పట్టించు. ఆదివారం మగవాటి పోటీలోకి దింపాలి దీన్ని. మట్టి మాత్రం దగ్గరికి రానీకు సర్జో, పురుగు పడుతుంది."

"పాక్, పొట్టమీద చెయ్యేసి చూడండి. గుడ్లు చేతికి తగులుతున్నాయి," అంది పార్తినా.

"మగవాడి కడుపులో గుడ్లా!"

"నొక్కింది చాలు పాక్, ఒక్కసారి తడిమి చూడండి. వార్నో వాళ్ళదీ ఇలాగే..."

ఆయన నవ్వాడు. సర్జో వైపు తిరిగి, అదేదో మగవాళ్ళిద్దరి మధ్యా రహస్యమన్నట్టు, కానీ ఆమెకి వినపడేలాగే అన్నాడు. "ఏం చేస్తుందిలే పాపం. పిల్లల్లేని ఇల్లు. ఏ పొట్ట చూసినా కడుపులాగే కనిపిస్తుంది."

సర్జో కూడా నవ్వాడు. పెద్దగా కాదు, పెద్దాయన చిన్నబుచ్చుకోకుండా సరిపోయేంత.

మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందంటారు. పార్తినా విషయంలో అది తిరగబడింది. పరాయివాడు అన్నందుకు కాదు, మొగుడు నవ్వినందుకు ఆమె గుండె భగ్గుమంది. ఎందుకంటే పిల్లల సంగతి మొగుడికీ తనకీ మాత్రమే తెలుసు. పెళ్ళయిన కొత్తలోనే ఆమె మార్కెట్ వెనకున్న క్లినిక్‌కి పోయి అన్ని పరీక్షలూ చేయించుకుంది. ఆమెలో ఏ లోపమూ లేదన్నారు. "మీ ఆయన్ని కూడా తీసుకురా అమ్మా," అంది నర్సు. సర్జో ఆవేళా ఇలాగే నవ్వాడు. "నాకేం పరీక్ష? మగాణ్ణి చూస్తే తెలీదూ?" అన్నాడు. అప్పట్నుంచీ పేటంతా గొడ్రాలని చాటుకి ఆమెనే అంటుంటే, విని ఊరుకున్నాడు. నోరు తెరిచి ఒక్క మాట అనలేదు.

పాక్ జెంపోల్ మోపెడ్ సందు దాటగానే ఆమె మొగుడికి అడ్డంగా నిలబడింది. "ఏమయ్యా మస్, బండి తియ్యి. జంతువుల డాక్టరు దగ్గరికి తీసుకుపోదాం. ఎక్స్‌రే ఫొటో తీస్తే లోపలున్నది బయటపడుతుంది."

"పాక్ ఇప్పుడే చూసి వెళ్ళాడు కదే. మళ్ళీ డాక్టరు దగ్గరికి పోయామని తెలిస్తే ఏమనుకుంటాడు?"

"చస్తే ఏమనుకుంటాడు?"

"మగదాన్ని పట్టుకుని ఆడది ఆడది అంటావేంటే! నీ పట్టు ఉడుము పట్టు."

"ఉడుముని పెంచింది నేను. ఆ పట్టు రాక ఏ పట్టొస్తుంది?"

మర్నాడు సర్జో బండి తాళం జేబులో వేసుకుని పనికి పోయాడు. ఆమె కిరాయి బళ్ళవాళ్ళకి ఫోన్ చేసింది. ఒకడు ఎక్కేదెవరని అడిగాడు. చెప్పింది. వాడు యా అల్లా అని ఫోన్ పెట్టేశాడు. ఇంకొకడు గేటుదాకా వచ్చి, లనాంగ్‌ని చూసి, దిగకుండానే తిప్పుకుపోయాడు. ఆమె బస్తా మట్టి తెచ్చి ప్లాస్టిక్ తొట్టిలో పోసింది. ఉడుము దాంట్లోకి దిగి, రెండు గీకులు గీకి, అడుగు తగిలేసరికి పైకొచ్చేసింది. దానికి కావలసింది లోతు.

అత్తగారు విజీ గడప మీద కూచుని చూస్తోంది. ముసలమ్మకి మోకాళ్ళు లేవవు, నోరు మాత్రం ఎప్పుడూ లేస్తుంది. "పేరు బరువైందే దానికి," అంది. "నా తమ్ముడూ అంతే. చిన్నప్పుడు రాజుల పేరు పెడితే రోజూ జ్వరమే. పేరు మార్చి, ఎర్ర జావ తెల్ల జావ కాచి నలుగురికీ పెడితే లేచి ఆడుకున్నాడు. మోయలేని పేరు మోపితే ఏ ప్రాణమైనా కుంగుతుంది."

"పేరు కాదు బూ, గుడ్లు," అని అత్తగారిని కసిరింది పార్తినా. కసిరాక ఆ మాట చెవిలో ఉండిపోయింది. మోయలేని పేరు. నిజమే కదా. ఒకడు వేలితో నొక్కి మగాడని పేరు మోపాడు, ఇది లోపల గుడ్లూ పైన పేరూ మోస్తూ గచ్చు మీద చస్తోంది.

ఉడుము గీకడం ఆపేసింది. గోడవార పొట్ట పరుచుకుని పడుకుంది, కళ్ళు సగం మూసి. వార్నో వాళ్ళది కూడా చివరికి గీకడం ఆపేసిందని ఆమెకి గుర్తొచ్చింది. అంతే, ఆమె లేచి వెనకవసారాలోకి పోయి, సర్జో పనిముట్ల మధ్యనుంచి గునపం తీసుకొచ్చింది.

మొదటి పోటుకి టైలు చిట్లింది. రెండో పోటుకి ముక్కలు లేచాయి. "యా అల్లా! ఏం పని చేస్తున్నావే! నా కొడుకు పండక్కి వేసిన గచ్చే!" అని అత్తగారు గుండెలు బాదుకుంది.

"మీ కొడుకే వేశాడు. మీ కొడుకునే తియ్యమన్నాను. తియ్యలేదు," అంది పార్తినా, ఇంకో పోటు వేస్తూ. అరచేతులు బొబ్బలెక్కాయి. పాక్ జెంపోల్ నవ్వు గుర్తొచ్చింది, ఒక పోటు. సర్జో నవ్వు, ఒక పోటు. గొడ్రాలు అన్న పక్కింటి మాట, ఒక పోటు. టైల్స్ కింది సిమెంటు పెచ్చు కూడా లేచిపోయి, నల్లటి తడిమట్టి బయటపడింది. నదివార మట్టి, వాసనేసింది. ఆమె మోకాళ్ళ మీద కూచుని రెండు చేతులా ముక్కలు తోడేసింది.

ఉడుము తల ఎత్తింది. నాలుక చాపింది. ఎక్కడినుంచి వచ్చిందో సత్తువ, పాక్కుంటూ వచ్చి ఆమె మోకాలి మీదుగానే ఆ గుంటలోకి దిగి తవ్వడం మొదలెట్టింది. మట్టి ఆమె మొహాన కొట్టింది. తల పోయింది, భుజాలు పోయాయి, చివరికి తోక ఒక్కటే పైకి కనపడింది. తర్వాత లోపలే తిరిగి సర్దుకుని కదలకుండా ఉండిపోయింది. పార్తినా నెమ్మదిగా పక్కనుంచి మట్టి తొలగించి చూసింది. తెల్లగా, కోలగా, మెత్తటి తోలు పెంకుతో ఒకటి. కాసేపటికి ఇంకోటి. ఇంకోటి.

అత్తగారు గడప దిగి, లేవని మోకాళ్ళతో దోగాడుకుంటూ వచ్చి చూసింది. తర్వాత, "నీళ్ళు తేవే, బాలింతకి గొంతెండిపోతుంది," అంది.

సర్జో వచ్చేసరికి వాకిలి మధ్యన గొయ్యి, చుట్టూ టైల్స్ పెంకులు, గొయ్యి అంచున మట్టికొట్టుకుపోయి ఒక ఉడుమూ ఇద్దరాడాళ్ళూ. అతని మొహం ఎర్రబడింది. నోరు తెరిచాడు. పార్తినా గుడ్ల బుట్ట అతని ముందుకు తోసింది.

"బతికింది," అంది ఆమె. "నీళ్ళు తాగింది. కోడిగుడ్డు కూడా ఒకటి మింగింది."

అతను బుట్ట పక్కన చతికిలబడ్డాడు. ఒక పెంకు ముక్క ఏరి అటూ ఇటూ తిప్పాడు. ఇప్పుడైనా మంచిమాట వస్తుందేమోనని ఆమె చూసింది. వచ్చింది ఇదీ. "ఆదివారం అయ్యేదాకా ఎవరికీ చెప్పకే. జ్వరమొచ్చింది, పోటీకి రాదని నేను చెప్తాను. గుడ్లు ఎక్కడైనా పూడ్చేద్దాం. పెద్దాయన పరువు..."

ప్రాణం పోయేదని కాదు, పెద్దాయన పరువు! ఉడుమొద్దు, నా చెయ్యి వస్తే చాలన్నాడట వెనకటికొకడు. ఈ మనిషికి ఉడుమూ అక్కర్లేదు, పెళ్ళాం మాటా అక్కర్లేదు. పార్తినా లేచి లోపలికి పోయింది. బియ్యం నానబోసింది.

ఆదివారం పొద్దున మైదానంలో పోటీ మొదలవకముందే ఆమె రిక్షా దిగింది. ఒక చేతిలో జావ గిన్నె, ఒక చేతిలో బుట్ట. సగం జావ తాటిబెల్లంతో ఎర్రగా, సగం కొబ్బరిపాలతో తెల్లగా. చూడగానే అందరికీ తెలిసింది, ఎవరిదో పేరు మారుతోందని. ఆ జావ తిన్నవాళ్ళే సాక్షులు, తిన్నాక పాత పేరుతో పిలవకూడదు. సర్జో ఆమెని చూసి మొహం తిప్పుకున్నాడు.

పాక్ జెంపోల్ కుర్చీలో ఉన్నాడు. "ఏమ్మా పార్తిన్, ఎవరికి పేరు మారుస్తున్నావు? మీ ఆయనకా?" అన్నాడు. నవ్వారు.

"లనాంగ్‌కి. గుడ్లు పెట్టింది. ఇవాల్టినుంచి దాని పేరు బూమి, మట్టి పేరు," అని ఆయన చేతికి ఒక చిన్న గిన్నె ఇచ్చి, బుట్ట మీద తడిగుడ్డ తీసింది.

నవ్వులు ఆగిపోయాయి. జనం మూగారు. పెద్దాయన బుట్టలోకి చూశాడు, జావలోకి చూశాడు, కానీ ఎంతైనా పెద్దాయన, ఊపిరి పీల్చుకునేలోగా దారి దొరికించుకున్నాడు. "నేను నొక్కిన రోజున అది మగదే. తర్వాత మారి ఉంటుంది. జంతువుల్లో ఉన్నదేగా."

"అదీ సంగతి!" అన్నారెవరో. అవునవునన్నారు ఇంకొందరు. ఎద్దు ఈనిందంటే దూడని కట్టెయ్యమన్నాడట, అలాంటి బుర్రలు. ఎవరి మొహం చూసినా హమ్మయ్య అన్న కళ. బొటనవేలు నిలబడింది కదా, ఉడుము ఏమైపోతేనేం!

"మారిందా?" అంది పార్తినా. "మొన్న మా ఇంట్లో టీ తాగి నొక్కారే, అప్పుడేమిటది? మగదే అన్నారు. ఆముదం పట్టించమన్నారు. కడుపునిండా గుడ్లతో చచ్చే ప్రాణిని వెల్లకిలా పడేసి నొక్కి, పిల్లల్లేనిదానికి అలాగే కనిపిస్తుందన్నారు. నేను పడ్డాను. అది ఎందుకు పడాలి పాక్?" బుట్టలోంచి ఒక గుడ్డు తీసి ఆయన రెండో అరచేతిలో పెట్టింది. "ఇదిగో. నొక్కండి. నొక్కి, లోపలున్నది ఆడో మగో చెప్పండి. మీ వేలికి తెలియనిది లేదుగా."

ఆయన వేలు కదల్లేదు. ఒక చేతిలో జావ, ఒక చేతిలో గుడ్డు, రెండూ దింపే చోటు లేదు.

అప్పుడు వెనకనుంచి వార్నో ముందుకొచ్చాడు. మామూలుగా నోరెత్తని మనిషి. బుట్టలోకి వంగి, ఒక గుడ్డుని వేలితో ముట్టుకుని, "మరి మాది?" అన్నాడు. "పాక్, మరి మాది? అదీ మూలలు గీకింది. నేను గచ్చు పాడవుతోందని కట్టేశాను. మీరు మలబద్ధకమన్నారు." గిన్నె అందుకుని, నిలబడే ఎర్ర జావా తెల్ల జావా తిన్నాడు. తిని, గట్టిగా "బూమి" అన్నాడు.

వరస చెదిరింది. కొందరు గిన్నెలు అందుకున్నారు. కొందరు ఉడుముల్ని భుజాన వేసుకుని, పెద్దాయనకేసి చూడకుండా పోయారు. ఇద్దరు ముగ్గురు మాత్రం ఆయన కుర్చీ పక్కనే ఉండిపోయారు. అలాంటివాళ్ళు ఎప్పుడూ ఉంటారు. ఆయన గిన్నెలో జావ మీద ఈగ వాలింది. తిననూ లేదు, పారబొయ్యనూ లేదు.

సర్జో చివరికి వచ్చాడు. ఆమె గిన్నె ఇవ్వలేదు. తనే ఒంపుకుని, నేల మీద కూచుని, అడుగుదాకా తిన్నాడు.

ఇద్దరూ ఇంటికొచ్చారు. వాకిట్లో బూమి గొయ్యి పక్కన ఎండలో పడుకుని ఉంది, తోలు వదులుగా వేలాడుతూ, కళ్ళు తేటగా. సర్జో పెంకులన్నీ ఏరి బస్తాలో వేశాడు. సిమెంటు కలుపుతాడేమోనని పార్తినా చూస్తూ నిలబడింది, కలిపితే గునపం ఇంకా గోడకే ఆనించి ఉంది. అతను కలపలేదు. పక్కనున్న టైల్స్ కూడా ఇంకో రెండు వరసలు లేపి, గొయ్యి వెడల్పు చేశాడు. మట్టిచేతులతో అక్కడే కూచున్నాడు, ఆమె వైపు చూడకుండా.

"పార్తిన్."

ఆమె అతనివైపు తిరిగింది.

"ఆ మార్కెట్ వెనక క్లినిక్... రేపు తెరిచి ఉంటుందా?"

ఆమెకి కోపం చల్లారలేదు. చల్లారాలని అనిపించనూ లేదు.

"తెరిచే ఉంటుంది," అంది. "మన పెళ్ళయినప్పట్నుంచీ తెరిచే ఉంది."